జ్వరం దిగిన రోజు

మా వైపు జ్వరం తగ్గడం చిన్న పండగలాంటిది. ఒళ్ళు చల్లబడిందని తెలియగానే ఇంట్లో హడావిడి మొదలవుతుంది. వేపాకు వేసి నీళ్ళు కాగబెడతారు. పక్కబట్టలు ఉతుకుతారు. పాత బియ్యం ఎవరింట్లో ఉన్నాయో కనుక్కుంటారు. స్నానం చేయించి, తల ఆరబెట్టి, మెత్తటి అన్నంలో బీరకాయ కూరో పాత చింతకాయ పచ్చడో కలిపి తినిపిస్తారు. పథ్యం పెట్టడం అంటే అదే. పథ్యం తిన్న మనిషి జ్వరం నుంచి బయటపడ్డట్టు లెక్క. ఇందులో హిందువుల ఇల్లూ క్రైస్తవుల ఇల్లూ అని తేడా లేదు. మా వదిన పుట్టింటివాళ్ళు తరాల నుంచీ కేథలిక్కులు. వాళ్ళింట్లో దేవుడు మారాడు, ప్రార్థన మారింది, పేర్లు మారాయి, పథ్యం మాత్రం మారలేదు. నా హేతువాద సభల్లో ఈ ముక్క చెప్పి చాలాసార్లు జనాన్ని నవ్వించాను.

ఆ పథ్యం రోజునే మా వదిన ప్రాణం మీదికి వచ్చింది.

వదిన గన్నవరం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. అన్నయ్యా ఆమే గుణదలలో కాపురం. పుట్టిల్లు రెండు సందుల అవతల. వానలు వెలిసి, కాలువగట్ల మీద బురద ఇంకా పూర్తిగా ఆరని రోజుల్లో ఆమెకి జ్వరం తగిలింది. కళ్ళ వెనక పోటు, కీళ్ళు విరిచేసినట్టు నొప్పి. ఆ నొప్పిని ఆమె గుర్తుపట్టింది. పెళ్ళికి ముందు మైలవరంలో హాస్టల్ వార్డెన్‌గా చేసేటప్పుడు ఇలాంటిదే వచ్చింది. అప్పుడు టెస్టు చేసి డెంగీ అన్నారు. వారం రోజులు పడుకుని లేచి మళ్ళీ పనిలో చేరిపోయింది.

"ఒకసారి వచ్చిపోయిందిగా, మళ్ళీ ఎందుకు వస్తుంది?" అన్నాడు అన్నయ్య.

"అమ్మవారు పోసినవాళ్ళకి మళ్ళీ పోస్తుందా ఎక్కడన్నా? ఇది మామూలు జ్వరమే," అంది అత్తయ్యగారు. అంటే వదిన వాళ్ళమ్మ.

మెడలో సిలువ, నోట్లో అమ్మవారు. ఇంకో రోజైతే ఆ మాట పట్టుకుని అత్తయ్యగారిని ఒక ఆట పట్టించేవాణ్ణి. కానీ అందులో ఉన్నది మూఢత్వం కాదు. ఒకసారి ఆటలమ్మ పోసిన పిల్లకి మళ్ళీ పోయదని, ఆ పిల్ల చేత రోగి దగ్గర సేవ చేయించవచ్చని ఈ డెల్టాలో ఆడవాళ్ళకి ఏ పుస్తకం చదవకుండానే తెలుసు. కళ్ళారా చూసి, తరాల పాటు సరిచూసుకున్న జ్ఞానం అది. వచ్చిన చిక్కల్లా, ఒక రోగం దగ్గర నేర్చుకున్నదాన్ని అన్ని రోగాలకీ పెట్టడం దగ్గర.

టెస్టులో డెంగీ అనే తేలింది. డాక్టరు వదినని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. అన్నయ్య బయట ఫోన్లో ఉన్నాడు. ఇంటికొచ్చాక నాకు ఫోన్ చేసి విసుక్కున్నాడు.

"జ్వరం ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఉండొచ్చంటరా, రోజూ రక్తం చూపించుకుంటే చాలంట. జ్వరం తగ్గిన రోజు మాత్రం తప్పకుండా ఆసుపత్రికి రావాలంట. తగ్గాక డాక్టరుతో పనేంటి? ఇదెక్కడి వైద్యం?"

నాకూ వింతగానే అనిపించింది.

ఆ తర్వాత రోజుల్లో పేటంతా ఆ ఇంట్లోనే ఉంది. డెంగీ అనగానే మన జనానికి ఒక్క మాటే తెలుసు, ప్లేట్‌లెట్లు. ఎవరు వచ్చినా ముందు "ఎంత ఉన్నాయి?" అని అడుగుతారు, మార్కులు అడిగినట్టు. ఒకాయన బొప్పాయి ఆకు నూరి రసం తెచ్చాడు. ఇంకొకావిడ మేకపాలు తెచ్చింది. అన్నయ్య బెంజి సర్కిల్ దాకా వెళ్ళి కివీ పళ్ళు తెచ్చాడు. వదిన ఆ రసం ఒక్క గుక్క తాగి, "మరిదిగారూ, నాస్తికులకి నరకం ఉందో లేదో గానీ, ఉంటే అక్కడ పోసేది ఇదే," అంది. జ్వరంలో కూడా ఆమె నోటికి సెలవు లేదు.

ఆ రసం మీద నేను అన్నయ్యతో పోట్లాడాను. రుజువు ఏదీ అన్నాను. "నీ రుజువులు తర్వాత, ముందు మనిషి లేవనీ," అన్నాడు వాడు. అత్తయ్యగారు ఈ గొడవల్లోకి రాలేదు. ఆవిడ తన పని తను చేసుకుంది. జ్వరం దిగిన రోజే కూతుర్ని వెంటబెట్టుకుని గుణదల కొండకి వస్తానని మేరీమాతకి మొక్కుకుంది.

జ్వరం దిగింది. పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేసి, "ఒళ్ళు చల్లగా ఉందిరా, పథ్యం పెడుతున్నాం, నువ్వూ రా," అన్నాడు. నేను వెళ్ళేసరికి ఇంట్లో వేపాకు వాసన, చారు వాసన కలిసి గుప్పుమంటున్నాయి. గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. అత్తయ్యగారు కొత్త చీర కట్టుకుని, కొవ్వొత్తులూ కొబ్బరికాయా ఉన్న సంచీ పట్టుకుని తయారుగా ఉంది. కొండ మీదికి మెట్లెక్కించనని, కింద గుహ దగ్గరే దండం పెట్టించి తీసుకొస్తానని అందరికీ చెబుతోంది.

వదిన మంచం మీద కూర్చుని ఉంది. తలస్నానం అయింది. ముందు పళ్ళెంలో అన్నం కలిపి ఉంది. ఆమె దాన్ని ముట్టలేదు.

"తినవే, రెండు ముద్దలు," అంటోంది అత్తయ్యగారు.

"వద్దమ్మా. కడుపులో నొప్పిగా ఉంది."

"ఖాళీ కడుపు కదా, నొప్పి ఉండదా మరి?"

వదిన పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. ఎక్కడా కుదురుగా ఉండలేకపోతోంది. పొద్దుట్నుంచీ ఆగకుండా వాంతులు. నీరసం అన్నారందరూ. నేను లేవదీద్దామని ఆమె చెయ్యి పట్టుకుంటే మంచినీళ్ళ కుండని ముట్టుకున్నట్టు తగిలింది. జ్వరం దిగిన చల్లదనం అలా ఉండదు. ఒళ్ళు చల్లబడినా జీవం ఉన్న వెచ్చదనం కొంత మిగిలి ఉంటుంది. ఈ చేతిలో అదీ లేదు.

వదిన నా మొహం చూసింది. తర్వాత అన్నయ్య వైపు తిరిగి, పెద్దగా గొంతు లేకపోయినా స్పష్టంగా అంది.

"నన్ను కొండకి కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టరు చెప్పింది ఇదే. కడుపులో నొప్పి వస్తే ఆగొద్దంది. రెండోసారి వచ్చినవాళ్ళకి జ్వరం దిగాకే అసలు ప్రమాదమంది."

అన్నయ్య బిత్తరపోయి అత్తగారి వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ మొక్కులతో ఎన్ని ప్రాణాలు గడప దాటకుండా ఆగిపోయాయో చెప్పడానికి నా దగ్గర పాతికేళ్ళ సరుకు ఉంది. ఏ వాక్యంతో మొదలుపెట్టాలో, ఎక్కడ గొంతు పెంచాలో నాకు కంఠతా వచ్చు. అత్తయ్యగారి వైపు తిరిగి నోరు తెరిచాను.

ఆవిడ అప్పటికే సంచీ కింద పెట్టేసి, వదిన భుజం కింద చెయ్యి వేసి లేపుతోంది.

"ఏం చూస్తున్నారయ్యా అలాగ? అటు పట్టుకో బాబూ. కొండ ఎక్కడికీ పోదు. ఆటో ఎలాగూ ఉంది."

మనుషులు చేసే పొరపాట్లలో ఇదొకటి. నిన్నటి ప్రతివాదికి తయారుచేసుకున్న జవాబుని ఇవాళ ఎదురైనవాళ్ళ మీద విసరడం. నేను విసరబోయి ఆగాను. అదే పొరపాటు ఆ నిమిషంలో వదిన నెత్తురులో జరుగుతోందని నాకు అప్పటికి తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరు ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. గోరు నొక్కి వదిలి, దాని కిందికి ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసింది. బీపీ చూసింది. రక్తం ఎంత చిక్కబడిందో చూడమని పంపించింది. అన్నయ్య వెనకాలే తిరుగుతూ, "ప్లేట్‌లెట్లు ఎక్కించాలా మేడమ్? ఎక్కడైనా తెస్తాను," అంటున్నాడు.

"నాకు ప్లేట్‌లెట్లు కాదండీ, నీళ్ళు కావాలి," అందావిడ. "ఆవిడ రక్తంలో నీళ్ళు కారిపోతున్నాయి. ఎంత కారుతోందో అంతే పోయాలి. తక్కువైతే బీపీ పడిపోతుంది, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఈ ఒకటి రెండు రోజులు గడవాలి. గడిస్తే భయం లేదు."



సెలైన్ పెట్టారు. నర్సు వచ్చి బీపీ చూడటం, రక్తం తీయడం, డాక్టరు వచ్చి చుక్కల వేగం మార్చడం, ఇదే పని. అత్తయ్యగారు కాళ్ళ దగ్గర కూర్చుని జపమాల తిప్పుతోంది. మధ్యాహ్నం డాక్టరు కాస్త కూర్చుంది. మాకు కాఫీ వచ్చింది. నేను అడిగాను, అసలు ఇలా ఎందుకవుతుందని. రోగి బంధువులకి చెప్పినట్టు కాకుండా, తనకీ ఇష్టమైన కథ చెబుతున్నట్టు చెప్పిందావిడ.

"మీకు డెంగీ ఒకటే. మాకు నాలుగు రకాల వైరస్‌లు. నలుగురు అన్నదమ్ములనుకోండి. పోలికలు ఉంటాయి, మనుషులు వేరు. మైలవరంలో ఈవిడకి వచ్చినవాణ్ణి ఈవిడ ఒళ్ళు జన్మలో మర్చిపోదు. వాడే మళ్ళీ వస్తే గుమ్మంలోనే పట్టేస్తుంది. ఇప్పుడు వచ్చింది వాడి తమ్ముడు అనుకుంటున్నాను."

"పోలికలున్నాయి కాబట్టి వీణ్ణీ పట్టుకోవాలిగా?"

"పట్టుకుంటుంది. పట్టు సరిగ్గా కుదరదు, అదే గొడవ. మొదటిసారి వచ్చాక కొన్ని నెలలు నలుగురినీ ఆపుతుంది. రానురాను ఆ బలం తగ్గుతుంది. బాగా ఎక్కువుంటే కాపాడుతుంది, అసలు లేకపోతే మంచీ లేదు చెడూ లేదు. మధ్యలో ఉన్నప్పుడే ప్రమాదం. పాత ప్రతిరక్షకాలు, అదే యాంటీబాడీలు, వెళ్ళి వైరస్‌ని సగం పట్టు పడతాయి. చంపలేవు. పట్టుకున్న సరుకుని తెల్లకణం నమ్మకంగా లోపలికి తీసుకుంటుంది, తినేద్దామని. తీరా లోపలికెళ్ళాక తినేది అది కాదు, వాడు."

"అంటే మనవాళ్ళే తలుపు తీస్తారా?"

"తలుపు తీసి, చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్తారు. ఆ తర్వాత ఒళ్ళు మేలుకుని ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ గలాటాలో రక్తనాళాల గోడల్లోంచి నీళ్ళు ఊరతాయి. అప్పటికి వైరస్ తగ్గిపోతూ ఉంటుంది, జ్వరం దిగుతుంది. మీరేమో పథ్యం పెడతారు."

అత్తయ్యగారు జపమాల ఆపి, "మాకేం తెలుసమ్మా," అంది.

"మీకే కాదండీ. రెండోసారి వచ్చినవాళ్ళలో చాలామంది ఏమీ కాకుండా లేచి తిరుగుతారు. కొద్దిమందికే ఇలా అవుతుంది. ఆ కొద్దిమంది ఎవరో ముందే చెప్పమంటే నాకూ తెలియదు."

ఆ 'తెలియదు' దగ్గర నాకు ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది. మన దేశంలో టీవీ పెడితే చాలు, అన్నీ తెలిసినవాళ్ళే కనిపిస్తారు. రాశులు తెలిసినవాళ్ళు, వాస్తు తెలిసినవాళ్ళు, ఒక ఆకుతో అన్ని రోగాలూ నయం చేయగలిగినవాళ్ళు. తెలియదనే మాట చెప్పగలిగిన ధైర్యం ఎక్కడ ఉంటుందో అక్కడే తెలుసుకోవడం మొదలవుతుంది.

ఆవిడ వెళ్ళాక నేను వదిన మంచం పక్కన కూర్చున్నాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. మైలవరం రోజుల గురించి ఒకప్పుడు నేను అడిగితే ఆమెకి పెద్దగా ఏమీ గుర్తులేదు. పక్కగదిలో ఉన్న టీచరు పేరు మర్చిపోయింది. హాస్టల్ గోడల రంగు మర్చిపోయింది. కానీ ఆమె ఎముకల మజ్జలో కొన్ని కణాలు ఇన్నేళ్ళుగా మర్చిపోకుండా కూర్చున్నాయి. ఒక్కటంటే ఒక్క దోమ, ఒక్క సాయంత్రం ఆమెలోకి వదిలిపెట్టిన ఒక వైరస్ మొహాన్ని పట్టుకుని, ఆ మొహానికి సరిపడే ఆయుధాలని పగలూ రాత్రీ తయారుచేస్తూనే ఉన్నాయి. ఆమె పెళ్ళి చేసుకుంది, ఊరు మారింది, వందలమంది పిల్లలకి భిన్నాలు నేర్పింది. వాటికి అదేమీ పట్టలేదు. జీతం లేదు, సెలవు లేదు, ఎవరూ చూడరు. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

గుడిలో కళ్ళు మూసుకుని నిలబడ్డవాళ్ళని చూసి, వీళ్ళకి ఏం అనుభవమవుతోందా అని అనుకునేవాణ్ణి. ఆ మధ్యాహ్నం నేను కళ్ళు తెరుచుకునే ఉండి దాన్ని అనుభవించాను. అబ్బురపడటానికి దేవుడు అక్కర్లేదు. నిజం ఎంత ఉందో అంతా చూస్తే చాలు.

అన్నయ్య గోడకి తల ఆనించి, "అంతా తలరాతరా," అన్నాడు. వాడు అలసిపోయి ఉన్నాడు. నేను వాదించదలచుకోలేదు. అయినా మాట ఆగలేదు.

"తలరాతంటే పుట్టకముందే రాసిపెట్టింది అంటారు కదా. ఇక్కడ ముందే రాసింది ఏదీ లేదన్నయ్యా. జరిగినవి జరిగాక, ఒళ్ళు తనంతట తను రాసుకుంది. వచ్చిన ప్రతి రోగం దగ్గరా ఒక వాక్యం."

"ఆ రాతే ఇప్పుడు దాని ప్రాణం తీస్తోందిగా?"

నేను ఎన్నాళ్ళుగానో జ్ఞాపకం అంటే ఒక వరం అనుకుంటూ వచ్చాను. మర్చిపోయిన జాతి మళ్ళీ మోసపోతుందని చెబుతూ వచ్చాను. బాగా గుర్తుపెట్టుకోవడం వల్లనే మోసపోవచ్చని, పోలిక చూసి ఇది అదేననుకోవడంలో ప్రాణాంతకమైన తొందర ఉందని, ఒక ఆడమనిషి చల్లటి పాదాల పక్కన కూర్చుని తెలుసుకోవాల్సి వచ్చింది.

సాయంత్రానికి బీపీ ఇంకాస్త పడింది. డాక్టరు చుక్కల వేగం పెంచింది. వదిన పొట్ట ఉబ్బింది. ఒకసారి కళ్ళు తెరిచి, "ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దలేదు," అంది. అన్నయ్య పక్కకి తిరిగి నిలబడ్డాడు. అత్తయ్యగారు ఆమె పాదాలని తన చీర చెంగులో చుట్టి, అరచేతులతో రుద్దుతూ కూర్చుంది. మర్నాడంతా అలాగే గడిచింది. రక్తం పరీక్ష ఒకసారి కాస్త నయమని వస్తే, ఇంకోసారి మళ్ళీ చిక్కబడిందని వచ్చేది.

ఆ మరుసటి పొద్దున నర్సు నవ్వుతూ బయటికొచ్చింది. "మేడమ్, పేషెంటుకి ఒంటేలు బాగా వచ్చింది," అని డాక్టరుకి చెప్పింది. ఒక మనిషి మూత్రం పోసిందన్న వార్తకి ముగ్గురు పెద్దవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను ఆ రోజే చూశాను. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

డాక్టరు వచ్చి వెంటనే సెలైన్ తగ్గించింది. "కారిన నీళ్ళన్నీ ఇప్పుడు వెనక్కి వస్తున్నాయి. నాళాల గోడలు మూసుకున్నాయి. ఇక మనం పోస్తే అదే ప్రమాదం," అంది. నిన్నటిదాకా ప్రాణం పోసిన నీరు ఇవాళ విషం. ఏది మందో ఏది కాదో వేళ చెప్పాల్సిందే.

మధ్యాహ్నానికి వదిన కాళ్ళమీద ఎర్రగా దద్దులు లేచాయి. ఆ ఎరుపు మధ్యలో అక్కడక్కడా తెల్లటి మచ్చలు, వరదలో మునగకుండా మిగిలిన లంకల్లా. అరికాళ్ళు దురదపెడుతున్నాయని గోల పెట్టింది. "మంచిదే, కోలుకునేవాళ్ళకి అలాగే వస్తుంది," అంది డాక్టరు.

"మళ్ళీ వస్తే?" అన్నాడు అన్నయ్య.

"మిగిలిన ఇద్దరిలో ఒకడు రావచ్చు. కానీ రెండు మొహాలు చూసినవాళ్ళకి పోలికల్లో ఉన్న తేడా కూడా తెలుస్తుంది. ఇప్పుడు ఈవిడ రక్తంలో ఒకణ్ణే కాదు, ఆ ఇంటివాళ్ళందరినీ పట్టే శక్తి పెరుగుతుంది. మూడోసారి ఇంత ప్రమాదం కావడం అరుదు. అరుదు అంటున్నాను, అసలు ఉండదు అనడం లేదు. దోమలు కుట్టకుండా చూసుకోండి."

పొరపాటు చేసిన జ్ఞాపకం ఆ పొరపాటు దగ్గరే ఆగిపోలేదు. దాన్నే పాఠం చేసుకుని విశాలమైంది. ఎవరూ చెప్పకుండా, ఏ సభా తీర్మానించకుండా, ఒక గుప్పెడు మజ్జలో. నేను చాలామంది పండితులని చూశాను, ఈ పని చేయగలిగినవాళ్ళు అరుదు.

వదిన లేస్తానంది. సెలైన్ స్టాండు పట్టుకుని తనే మెల్లగా కిటికీ దాకా నడిచింది. నేను పక్కన నడిచాను. కింద ఓపీ ముందు జ్వరాల వాళ్ళు పెద్ద వరసలో నిలబడి ఉన్నారు. తలకి తువ్వాలు చుట్టుకున్న రైతు, బిడ్డని భుజాన వేసుకున్న తల్లి, కాలేజీ బ్యాగుతో ఒక అమ్మాయి. పైనుంచి చూస్తే అందరిదీ ఒకటే జ్వరం. కానీ ఎవరి ఒంట్లో ఎవరి మొహం ముందే నిలిచి ఉందో, ఎవరి రక్తం ఈ వచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపుతుందో, ఎవరిది పొరబడి లోపలికి పిలుస్తుందో, వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. అంతంత చరిత్ర మోసుకుంటూ, చేతిలో చీటీ పట్టుకుని తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

వదిన చాలాసేపు వాళ్ళని చూసింది.

"మరిదిగారూ," అంది, "కిందికెళ్ళి వాళ్ళకి ఒక మాట చెప్పి రండి. జ్వరం తగ్గిన రోజు ఇంట్లో కూర్చోవద్దని. ఉపన్యాసం వద్దు, ఆ ఒక్క ముక్కే."

నేను మెట్లు దిగాను.